బత్తాయి వాసన, ఓమ ఘాటు: కుక్కర్‌లో నూనె తీసి చూద్దాం

మాది నల్గొండ పక్కన బత్తాయి తోట. రేటు పడిపోయిన ఏడు, తొక్కల గుట్ట చూసి ‘ఇంత వాసన ఉందంటే బూజునైనా ఆపుతుందేమో’ అని నూనె తీయడం మొదలుపెట్టాను. తీరా పనికొచ్చింది బత్తాయి కాదు, పోపుల డబ్బా పక్కనుండే ఓమ, అదే వాము.

పాత ఐదు లీటర్ల కుక్కర్ చాలు. పావుకిలో ఓమ కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా చేస్తే పొంగి గొట్టంలోకి ఎక్కుతుంది. నీళ్లు రెండు లీటర్లు దాటొద్దు. వెయిట్ తీసేసి ఆ ముక్కుకి పొట్టి సిలికాన్ గొట్టం, దానికి ఏసీ మెకానిక్‌లు వాడే రాగి గొట్టం బిగించండి. రాగిని చుట్టలు చుట్టి చల్లనీళ్ల బకెట్‌లో పెట్టి, కొసను అడుగున చేసిన చిల్లులోంచి బయటికి తీసి, ఎం-సీల్ పూయండి. బకెట్ పొయ్యికంటే కిందుండాలి. కింద గాజుసీసా, మూత లేకుండా, మంటకు దూరంగా.

సిలికానే ఎందుకంటే, మొదటిసారి బత్తాయి తొక్కలకు మామూలు రబ్బరు పైపు పెట్టి మోసపోయాను. ఆ నూనెలో తొంభై శాతం పైగా లిమోనీన్ అనే రసాయనమే. పైపు ఉబ్బిపోయి, నూనెకి టైరు వాసన పట్టింది. థర్మోకోల్ కప్పులో పోస్తే కళ్లముందే కప్పుకి బొక్క పడింది!

సన్నమంట మీద గంటన్నర. ఓమకి ఆ ఘాటునిచ్చే పదార్థం థైమాల్. అది విడిగా మరగాలంటే 232 డిగ్రీలు కావాలి, ఆవిరి తోడుంటే 100 లోపే వచ్చేస్తుంది. పొయ్యి దగ్గర్నుంచి కదలొద్దు, గొట్టం మూసుకుపోతే కుక్కర్ పేలొచ్చు. నాకు చెంచాడు కూడా రాలేదు. నీళ్ల మీద తేలే ఆ పసుపు పొరను డ్రాపర్‌తో తీసుకోండి. కింది నీళ్లు పారబోయకండి, కాస్త థైమాల్ అందులోనూ ఉంటుంది. నేను పచ్చళ్ల అర తుడుస్తాను.

ఇక పరీక్ష. మూడు స్టీలు డబ్బాల్లో తడిపిన బ్రెడ్ ముక్కలు పెట్టాను. ఒకదాని మూతకి బత్తాయి నూనె ఐదు చుక్కలు అద్దిన దూది, ఒకదానికి ఓమ నూనె, మూడోదానికి ఏమీ లేదు. నాలుగో రోజుకి ఉత్త డబ్బాలో పచ్చబూజు, బత్తాయి డబ్బాలో ఒక్కరోజు ఆలస్యంగా అదే. ఓమ ముక్క వారం తర్వాత కూడా తెల్లగానే ఉంది. బయట పెడితే మాత్రం రెండ్రోజుల్లో బూజు పట్టింది. అంటే ఆపింది, చంపిందని మాత్రం చెప్పలేం. (ఆ బ్రెడ్ ఎవరికీ పెట్టకండి, కుక్కకి కూడా.)

తేడా అణువులోనే ఉంది. థైమాల్ ఒక ఫినాల్, అంటే అణువులోని కార్బన్ ఉంగరానికి హైడ్రాక్సిల్ (OH) గుంపు అంటుకుని ఉన్న రకం. 1860ల్లో బ్రిటిష్ సర్జన్ లిస్టర్ గాయాలు కుళ్లకుండా వాడిన కార్బాలిక్ యాసిడ్‌కి చుట్టమే. నూనె స్వభావంతో క్రిమి కణం పొరలోకి దూరుతుంది, పొర చిల్లులు పడ్డట్టై లోపలి పొటాషియం కారిపోతుంది. లిమోనీన్‌కి ఆ హైడ్రాక్సిల్ గుంపు లేదు, వాసనే ఎక్కువ. బ్యాక్టీరియాలో గ్రామ్ నెగెటివ్ అనే రకానికి బయట ఇంకో పొర ఉంటుంది కాబట్టి అవి ఎక్కువ తట్టుకుంటాయి.

చర్మానికి నేరుగా రాయొద్దు, తాగొద్దు. నా మణికట్టు మీద పడ్డ ఒక్క చుక్కకి సాయంత్రం దాకా మంట. బత్తాయి నూనెకి గాలి తగిలి పాతబడితే ఎలర్జీ తెచ్చే పదార్థాలు పుడతాయి, నిండుగా ఉన్న చిన్న సీసాలో మూత బిగించి పెట్టాలి. ఓమ నూనె ఫ్రిజ్‌లో పెడితే అడుగున తెల్లటి థైమాల్ పలుకులు పేరుకోవచ్చు. చెడిపోయిందని టెన్షన్ పడ్డాను నేను. మా అత్తమ్మ సీసా ఎత్తి చూసి, “ఏందే, ఇది ఓమ పువ్వే గదా, మూలికల దుకాణంల తులాల లెక్క అమ్ముతరు” అంది.