కాలిపోయిన ఇంగ్లిష్ కంట్రీ హౌస్‌ను గోడలు చూసి చదవడం ఎలా? విట్లీ కోర్ట్‌లో ఒక పూట

నాన్న బర్మింగ్‌హామ్ వచ్చినప్పుడు విట్లీ కోర్ట్ అనే కాలిపోయిన మేడకి తీసుకెళ్లాను. టికెట్ కొంటుంటే పక్కన నిలబడి, "పైకప్పు లేని ఇంటికి టికెట్టా?" అన్నారు. ముప్పై ఏళ్లు ఇళ్లు కట్టించిన మనిషి ఆయన. రెండు గంటల తర్వాత నేను కారు దగ్గరికి పదండి అంటుంటే ఆయన కదలలేదు. ఆ రోజు ఆయన గోడలు చూసిన పద్ధతినే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నాను. సగం మిగిలిన ఏ ఇంగ్లిష్ మేడ దగ్గరైనా ఇది పనికొస్తుంది.

కంట్రీ హౌస్ అంటే పల్లెటూరి ఇల్లు అనుకోకండి. వేల ఎకరాల ఎస్టేట్ మధ్యలో ఉండే దొరల మేడ అది. మన గడీ గుర్తొస్తే ఫర్వాలేదు, కానీ ఆ పోలికను ఎక్కువ దూరం లాగొద్దు.

1. వెళ్లే ముందు ఒకే ఒక కాగితం రాసుకోండి

చరిత్ర మొత్తం చదివి వెళ్తే కళ్లు పనిచేయవు, చదివిందే కనబడుతుంది. చేతులు మారిన సంవత్సరాలు చాలు. విట్లీకి నా కాగితం ఇది:

1655 – ఇనుము వ్యాపారి థామస్ ఫోలీ కొన్నాడు
1805 ప్రాంతం – ఆర్కిటెక్ట్ జాన్ నాష్ స్తంభాల మండపాలు
1837 – వార్డ్ కుటుంబం చేతికి
1850లు – ఆర్కిటెక్ట్ శామ్యూల్ డాక్స్ రాతి తొడుగు
1920 – తివాచీల ఫ్యాక్టరీ యజమాని సర్ హెర్బర్ట్ స్మిత్
1937 సెప్టెంబర్ 7 – అగ్నిప్రమాదం
1972 – ప్రభుత్వ సంరక్షణ

ఊరు గ్రేట్ విట్లీ, వూస్టర్ పట్టణానికి వాయవ్యంగా పదహారు కిలోమీటర్లు. బస్సులు నమ్ముకోవద్దు, కారుంటే సుఖం. ఇప్పుడు చూసుకునేది ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ. తోటలోని ఫౌంటెన్ ఏ రోజుల్లో, ఏ టైముకి వేస్తారో ముందే వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకోండి. అది మిస్సయితే సగం మిస్సయినట్టే.

2. ముందు భాగం దగ్గర ఆగకండి, పెచ్చులూడిన చోటికి వెళ్లండి

అందరూ చేసే తప్పు ఇదే. నాష్ కట్టిన పెద్ద మండపం కనబడగానే దాని ముందు నిలబడి ఫోటో దిగి, అదే ఇల్లు అనుకుని వెళ్లిపోతారు. ముఖం చూస్తే ఇల్లు తెలియదు. దూరం నుంచి విట్లీ మొత్తం తేనెరంగు రాయితో, ఇటలీలో ఏ డ్యూకో కట్టించుకున్న మేడలా ఉంటుంది. ఆ రాయి బాత్ పట్టణం వైపు గనుల నుంచి తెచ్చింది.

నాన్న మండపం వైపు చూడనే లేదు. రాయి ఊడిపోయిన ఒక మూల దగ్గర వంగి, వేలితో గీరి, "రాతి ఇల్లు కాదురా ఇది. ఇటుక ఇంటికి రాయి తొడిగారు" అన్నారు.

సరిగ్గా అంతే. లోపల ఉన్నది ఎర్ర ఇటుక ఇల్లు. పదిహేడో శతాబ్దం నుంచి రకరకాల కాలాల్లో పెరుగుతూ వచ్చింది. 1850ల్లో డాక్స్ దాన్ని కూల్చలేదు. ఉన్న గోడలకే రాయి అతికించి, కిటికీల చుట్టూ చెక్కడాలు పెట్టి, పైన పిట్టగోడ కట్టి, కొత్త ఇల్లనిపించాడు. ఇల్లు నిండుగా ఉన్నప్పుడు ఈ సంగతి ఏ అతిథికీ కనబడి ఉండదు. కాలి, వానకు తడిసి, రాయి ఊడితేనే బయటపడింది. పాడుబడిన ఇంటిని చూడటంలో మజా ఇదే. నిండు మేడలో మీకు చూపించేది యజమాని ఏం చూపించాలనుకున్నాడో అది. ఇక్కడ దాచుకున్నది కూడా కనబడుతుంది.

కాబట్టి రాయికీ ఇటుకకూ మధ్య అతుకు కనబడే చోటు వెతకండి. ఇటుక వరసలు ఉన్నట్టుండి మారిన చోట, మూసేసిన కిటికీ తాలూకు కమాను గుర్తు మిగిలిన చోట కాసేపు ఆగండి. ఒక్కో అతుకూ మీ కాగితంలో ఒక్కో సంవత్సరం.

3. లోపలికి వెళ్లి తల పైకెత్తండి

అంతస్తులు లేవు. నేల మీద నిలబడితే నేరుగా ఆకాశమే. పైన, మనిషి చేరలేని ఎత్తున, గోడలో ఒక నిప్పుగూడు కనబడుతుంది. దాని ముందు కూర్చుని చలికాచుకునే గది లేదు, గదికి నేల లేదు. నిప్పుగూడు ఒక్కటే గాల్లో వేలాడుతోంది.

దాని నుంచి కిందికి చూస్తూ రండి. వరసగా చదరపు రంధ్రాలు కనబడితే అవి దూలాలు దిగిన చోట్లు. ఆ వరస ఉన్న ఎత్తే పై అంతస్తు నేల. రంధ్రాలు పెద్దవీ దగ్గరదగ్గరవీ అయితే పైన బరువు ఎక్కువ. వరసకూ వరసకూ మధ్య ఎత్తు బాగా ఎక్కువుంటే అది అతిథుల గది. తక్కువుంటే నౌకర్లదో, పిల్లలదో. గైడ్ చెప్పక్కర్లేదు, గోడే చెబుతుంది. నేలమాళిగలో ఇంకా పాత మధ్యయుగపు ఇంటి ఆనవాళ్లు కూడా ఉన్నాయి.

ఇక్కడ తొందరపడొద్దు. ఒక గదిలో పావుగంట ఉండండి. గోడలెక్కే ప్రయత్నాలు మాత్రం వద్దు.

4. ఏది మంట తిన్నది, ఏది మనుషులు తిన్నది?

ఇంగ్లండ్‌లో ఇలాంటి ఇళ్లు ఎందుకు పోయాయంటే అందరూ వారసత్వ పన్ను పేరే చెబుతారు. 1894లో మొదలైన ఆ పన్ను 1919 నాటికి అతి పెద్ద ఆస్తుల మీద 40 శాతానికి చేరింది. చాలా ఇళ్ల విషయంలో అది నిజమే. విట్లీని మాత్రం ముందు మంట తీసింది, తర్వాత పాతసామాను తూకం తీసింది.

1937 సెప్టెంబర్‌లో అంటుకున్న మంటకు ఇల్లు మొత్తం కాలిపోలేదు, కొంత భాగం మిగిలింది. స్మిత్ తిరిగి కట్టించకుండా మరుసటి ఏడాది వేలానికి పెట్టాడు. తర్వాత పాతసామాను వ్యాపారుల చేతుల్లో పడింది. సీసం, కలప, చలువరాయి, ఏది అమ్ముడుపోతే అది పోయింది. తోటలో తూర్పు వైపున్న ఫ్లోరా ఫౌంటెన్ శిల్పాలు కూడా పోయాయి.

తేడా గుర్తుపట్టడానికి ఒక చిట్కా. ఇనుము పాలున్న సున్నపురాయి బాగా వేడెక్కితే గులాబీ, ఎరుపు రంగుకు తిరుగుతుంది, ఆ రంగు మళ్లీ పోదు. కిటికీల పైభాగంలో, నిప్పు బయటికి ఎగసే చోట, అలాంటి మరకల కోసం చూడండి. రంగు మారకుండా, ఉలితో తీసినట్టు శుభ్రంగా ఖాళీ అయిన చోటుంటే అది ఎక్కువగా మనుషుల పనే.

5. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి

ఫోలీల డబ్బు ఇనుములో, మేకుల్లో పుట్టింది. దాన్ని భూమిగా, తర్వాత బిరుదుగా మార్చుకున్నారు. 1712లో లార్డ్ అయ్యారు. తర్వాతి తరాలు అప్పుల్లో పడ్డాయి. 1837లో కొన్న వార్డ్ కుటుంబానికి బర్మింగ్‌హామ్ పక్కనున్న బ్లాక్ కంట్రీ అనే పారిశ్రామిక ప్రాంతంలో బొగ్గు గనులు, ఇనుప కొలిమిలు ఉన్నాయి. జమైకాలో బానిసలతో నడిచిన చెరకు తోటలు కూడా ఆ కుటుంబం ఆస్తే. ఆ కుటుంబంలోని విలియం వార్డ్ తర్వాత ఎర్ల్ ఆఫ్ డడ్లీ అయ్యాడు. డాక్స్ చేత రాయి తొడిగించింది ఆయనే. ఆ తేనెరంగు వెనక ఉన్నది ఇటుక ఒక్కటే కాదు.

6. పక్కనున్న చర్చిని వదలకండి

ఇంటికి ఆనుకునే సెయింట్ మైకేల్ చర్చి ఉంది. మంట దాన్ని అంటలేదు. ఊరి చర్చి కాబట్టి ఇంటితో పాటు అమ్ముడుపోలేదు కూడా. ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి. బయట అదే కథ, 1735 నాటి ఇటుక చర్చికి డాక్స్ రాయి తొడిగాడు. లోపలికి అడుగుపెట్టండి, కళ్లు చెదురుతాయి. తెలుపు మీద బంగారు తీగలు, పైన దేవదూతలు, రంగుల అద్దాల కిటికీలు.

పైకప్పు చిత్రాలు, కిటికీలు ఈ చర్చి కోసం చేసినవి కావు. లండన్ దగ్గర ఎడ్జ్‌వేర్‌లో కానన్స్ అని ఛాండోస్ డ్యూక్ మేడ ఒకటుండేది. సంగీతకారుడు హాండెల్ అక్కడ కొలువు చేశాడు. డ్యూక్ సౌత్ సీ కంపెనీ షేర్ల పతనంలో చేతులు కాల్చుకున్నాడు. 1744లో పోయాడు. మూడేళ్లకు ఇంటిని ముక్కలుగా అమ్మేశారు. లార్డ్ ఫోలీ అక్కడి ప్రార్థనా మందిరంలోని, ఇటలీ చిత్రకారుడు బెలూచి వేసిన పైకప్పు చిత్రాలు, జాషువా ప్రైస్ చేసిన పది కిటికీలు, ఆర్గన్ పెట్టె కొని ఇక్కడికి తెప్పించాడు. ఒక ఇల్లు చస్తే ఇంకో ఇంటికి నగలయ్యాయి. రెండు వందల ఏళ్లు తిరక్కుండా ఆ రెండో ఇల్లూ అదే దారి పట్టింది.

నాన్న మెడ వెనక్కి విరిచి పైకప్పు చూస్తూ, "గార పని ఎంత సన్నగా చేశారో" అన్నారు. అది గార కాదు నాన్నా, కాగితం గుజ్జు అన్నాను. ఆయన నమ్మలేదు. అక్కడ కూర్చున్న పెద్దావిడని నా చేత అడిగించారు. ఆవిడ కూడా అదే చెప్పింది. బయట ఇటుకకు రాయి వేషం, లోపల కాగితానికి గార వేషం. ఆ రోజంతా అదే ఆయన జోకు.

7. చివరికి తోటలోకి

తోట వేసింది నెస్‌ఫీల్డ్ అనే తోటల రూపకర్త. తన పనుల్లో దీన్ని రాక్షస పని అని ఆయనే పిలుచుకున్నాడు. మధ్యలో గ్రీకు పురాణకథలోని పెర్సియస్, ఆండ్రోమెడాల పేరున్న ఫౌంటెన్ ఉంది. పెద్ద చేపలాంటి జంతువు నోట్లోంచి నీరు పైకి చిమ్ముతుంది. దాని మంచి రోజుల్లో ధార 36 మీటర్లు లేచేదట, అంటే దాదాపు పన్నెండంతస్తులు. అప్పట్లో ఆవిరి యంత్రంతో నడిపేవారు. ధార లేస్తుంటే మీరు ఇంటి వైపు తిరిగి నిలబడండి, నీటికి అవతల కిటికీల్లోంచి ఆకాశం కనబడుతుంది.

మేం వెళ్లిన రోజు టైముకే మొదలైంది. పిల్లలు కేకలు పెట్టారు, నేను వీడియో తీశాను. తీసి వెనక్కి తిరిగితే నాన్న లేరు. మోటారు ఎక్కడ పెట్టారో చూద్దామని ఫౌంటెన్ అవతలికి వెళ్లిపోయారు.