మైనస్ 52 వచ్చేదాకా నట్లు బిగించొద్దు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు ఇంటర్నెట్ లింకులు బిగించడం నా పని. ఊళ్లో మేడ మీద ఒక డిష్, గట్టు మీద షెడ్డుకు ఇంకోటి, మధ్యలో మూడు కిలోమీటర్లు. 5.8 గిగాహెర్ట్జ్‌లో 60 సెంటీమీటర్ల డిష్ చూపు, అంటే సిగ్నల్ బలంగా ఉండే వెడల్పు, ఆరు డిగ్రీలే. రెండంగుళాల పైపు మీద క్లాంపు మిల్లీమీటరున్నర జరిగినా మూడు డిగ్రీలు పక్కకు పోయినట్టే, సిగ్నల్ సగమైనట్టే.

అందుకే స్పానర్ పట్టే ముందు లెక్క కట్టండి. ఇటు నుంచి 36 డీబీఎం వదులుతున్నాం. డీబీఎం అంటే సిగ్నల్ బలానికి కొలత; మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనమన్నట్టు. ఆ దూరానికి 117 పోతుంది, అవతలి డిష్ 29 కలుపుతుంది. రావలసింది మైనస్ 52. ఆ అంకె షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసుకోండి.

కొత్తలో నేను రాసుకోలేదు. ఒక షెడ్డు మీద మైనస్ 71 వచ్చింది. ఎటు కదిపినా తగ్గుతోంది కదా, ఇదే గురి అనుకుని బిగించేశాను. సాయంత్రానికల్లా కెమెరాలు ఆగిపోయాయని రైతు ఫోన్. నేను పట్టుకున్నది సైడ్ లోబ్, అంటే డిష్ అసలు చూపుకు పక్కన వచ్చే బలహీనమైన సిగ్నల్. డిష్ ఇంకో పది డిగ్రీలు తిప్పితే అసలుది దొరికింది.

ఒక కొసన తిప్పుతుంటే రెండో కొసన ఎవరూ ముట్టుకోకూడదు. ముందు అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. కదిపిన ప్రతిసారీ మూడు సెకన్లు ఆగి అంకె చూడండి. అన్నిటికన్నా బాగా వచ్చిన చోటికి అటూ ఇటూ సిగ్నల్ పడిపోయే చోట్లు పైపు మీద మార్కర్‌తో గీసి, సరిగ్గా నడిమిన ఆపండి. తర్వాత నిలువుగా ఇలాగే. నట్లు మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకదాన్నే గట్టిగా బిగిస్తే డిష్ అటు లాగేస్తుంది.

ఎదుటి డిష్ కంటికి కనిపిస్తే చాలదు. దారి నడిమిన, రెండు డిష్‌లను కలిపే గీతకు చుట్టూ దాదాపు నాలుగు మీటర్ల మేర ఖాళీ ఉండాలి. కొబ్బరి మట్ట గాలికి ఊగి అందులోకి వచ్చినా సిగ్నల్ కిందా మీదా అవుతుంది.

ఒకే టవర్‌కు నాలుగైదు షెడ్లు కలిపితే ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు, అన్నీ టవర్ వైపే చూస్తుంటాయి కాబట్టి. ఒకేసారి మాట్లాడి గుద్దుకుంటాయి. రేడియో సెట్టింగుల్లో టీడీఎంఏ ఆన్ చేస్తే వంతులవారీగా మాట్లాడతాయి.

చెరువు నింపాక సిగ్నల్ పడిపోయిందా? నీటి మీద నుంచి వెనక్కి తుళ్లిన సిగ్నల్ అసలుదాన్ని చెరుపుతుండొచ్చు. గురి కదపకండి. డిష్‌ను రెండు మూడడుగులు పైకో కిందకో జరిపి చూడండి.