పెద్ద లాన్ వేస్తున్నారా? ముందు కలుపును మొలవనివ్వండి

పెద్ద స్థలంలో కొత్తగా లాన్ వేసేవాళ్లు చాలామంది నేల దున్నిన మర్నాడే విత్తనాలు చల్లేస్తుంటారు. దయచేసి ఆ తొందర వద్దు. మట్టిని 10–15 సెంటీమీటర్ల లోతు గుల్ల చేసి, రాళ్లూ వేర్లూ ఏరేసి, బాగా చివికిన కంపోస్టు కలిపి చదును చేయండి. వాలు ఇంటి గోడల వైపు కాకుండా బయటికి ఉండాలి.

ఇక్కడ ఆగి, ఉత్త నేలకే రెండు మూడు వారాలు నీళ్లు పెట్టండి. పైపొరలో ఉన్న కలుపు గింజలు చాలావరకు మొలుస్తాయి. లేతగా ఉండగానే వాటిని పైపైన గీకి తీసేయాలి. మళ్లీ లోతుగా తవ్వారో, అడుగున ఉన్న గింజలు పైకొచ్చి కథ మొదటికొస్తుంది. ఈ ఒక్క పనికి ఓపిక పడితే తర్వాత నెలల తరబడి కలుపు పీకే బాధ బాగా తగ్గుతుంది. అంత పెద్ద లాన్‌లో వంగి ఏరడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

విత్తనాలకు పొడి ఇసుక కలిపి, సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లితే ఖాళీలు పడవు. రేక్‌తో కాస్త కదిపి, తేలికపాటి రోలర్ తిప్పండి. సన్న విత్తనం అర సెంటీమీటరు కంటే లోతుకు పోతే పైకి రావడం కష్టం. మొలిచేదాకా పైమట్టి ఆరకుండా రోజుకు రెండు మూడుసార్లు తుంపరగా తడపాలి. పైపుతో ధార కొడితే విత్తనాలు పల్లానికి కొట్టుకుపోతాయి. మొదటి కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి కత్తిరించకండి.