సొంత రక్తంతో ఎముక గుంట నింపే పద్ధతి

మా మిర్యాలగూడలో రైస్ మిల్లు హమాలీ ఒకాయన చిగుళ్ల జబ్బుతో నా దగ్గరికి వచ్చాడు. కింది దవడ పన్ను పక్కన ఎముక 6 మిల్లీమీటర్ల లోతున కరిగిపోయింది. పీఆర్‌ఎఫ్ (ప్లేట్‌లెట్లు నిండిన ఫైబ్రిన్, అంటే పేషెంటు సొంత రక్తం నుంచి తీసే జెల్లీ ముద్ద) పెడదామంటే, "నా రక్తం తీసి నాకే పెడ్తవా సారూ?" అన్నాడు. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన తమ్ముళ్లు, చెల్లెళ్లు కూడా ఇదే అడుగుతుంటారు కాబట్టి నేను చేసే తీరు రాస్తున్నాను.

రక్తంలోని ప్లేట్‌లెట్లలో గ్రోత్ ఫ్యాక్టర్లు, అంటే గాయం మానడానికి తోడ్పడే ప్రొటీన్లు, ఉంటాయి. పీడీజీఎఫ్ కణాలను గాయం దగ్గరికి రప్పిస్తుంది, వీఈజీఎఫ్ కొత్త రక్తనాళాలు మొలిపిస్తుంది. రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ జెల్లీలో చిక్కుకొని ఉంటే ఇవి వారానికి పైగా మెల్లమెల్లగా బయటికి వస్తాయి. 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ చెప్పిన పద్ధతి ఇది. ఎముకను పెంచే ప్రొటీన్ బీఎంపీ-2 తయారుగా దొరుకుతుంది కానీ, దాని ధర మన పేషెంట్లు మోయలేరు.

ముందు సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని గిర్రున తిప్పి పొరలుగా విడదీసే మిషన్) ఆన్ చేసి, ఇన్వర్టర్ చూసుకొని, అప్పుడే సూది గుచ్చండి. గడ్డకట్టకుండా మందు కలిపిన ట్యూబులు, అంటే ఊదా మూతవి, అసలు వద్దు. ఏమీ కలపని 10 మి.లీ. గాజు ట్యూబు కావాలి. రక్తం తీశాక రెండు నిమిషాల్లోపు మిషన్ తిరగాలి. మొదట్లో ఒకసారి నాకు నరం దొరక్క ఆలస్యమైంది. తిప్పేలోపే ట్యూబులో రక్తం గడ్డకట్టింది, ఆ అమ్మ చేతికి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఎదురెదురు ట్యూబుల బరువు సమానంగా ఉంచి, 2700 ఆర్‌పీఎం మీద 12 నిమిషాలు తిప్పుతాను. రోటర్ (ట్యూబులు పెట్టి తిప్పే చక్రం) సైజును బట్టి ఈ అంకె మారుతుంది, మీ మిషన్ కంపెనీ చార్టు చూడండి. ఆపాక కింద ఎర్ర కణాలు, పైన పసుపు నీరు, మధ్యలో లేత ముంజలాంటి ముద్ద కనిపిస్తుంది, అదే పీఆర్‌ఎఫ్. ఫోర్సెప్స్‌తో తీసి ఎరుపును కత్తిరించండి, కానీ మొత్తం కాదు. ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండేది ఆ ఎరుపు, పసుపు కలిసే అంచులోనే. అక్కడ రెండు మిల్లీమీటర్లు వదిలేయండి.

చిగురు తెరిచి, గుంటలోని చెడిన కండ, వేరు మీది గార పూర్తిగా తీయకపోతే ఎంత మంచి పీఆర్‌ఎఫ్ అయినా దండగే. నా టైమంతా ఇక్కడే పోతుంది. మూడు వైపులా ఎముక గోడలున్న గుంట బాగా నిండుతుంది. ఒకే గోడ ఉంటే ఆశ తక్కువని ముందే చెప్పేయాలి. గుంట పెద్దదైతే జెల్లీ ఒక్కటే నిలబడదు, ముక్కలు చేసి బోన్ గ్రాఫ్ట్ పొడిలో (ఎముక గుంట నింపే పొడి) కలపండి. ఇంకో ముద్దను తడి గాజుగుడ్డల మధ్య నొక్కి, పొరలా పైన కప్పి కుట్లు వేయండి.

షుగర్ అదుపులో లేనివాళ్లకి, బీడీ మాననివాళ్లకి నేను ఈ సర్జరీకి తేదీ ఇవ్వను. కుట్లు పదో రోజు తీస్తాను. ఆరు నెలల దాకా ఆ చోట చిగురు లోతు కొలిచే ప్రోబ్ పెట్టను.

మిల్లు ఆయన ఏడో నెలలో వచ్చాడు. ఎక్స్‌రేలో గుంట సగానికి పైగా నిండింది. పన్ను కదలడం లేదు, ఆ వైపు నుంచే జొన్న రొట్టె నములుతున్నానని చెప్పాడు.