బెంగళూరులో పెరిగే తెలుగు పిల్లలకు వృత్తి ఎంపిక: నిబంధనలు చదవడంతో మొదలుపెట్టండి

మారతహళ్లిలోనో మత్తికెరెలోనో కృష్ణరాజపురంలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లలు తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఇంజినీరింగా, మెడిసినా, కామర్సా అన్న చర్చ మొదలవుతుంది. పిల్లల ఆసక్తి, మార్కులు, ఫీజులు, మేనమామల సలహాలు అన్నీ ఆ చర్చలోకి వస్తాయి గాని, వాటన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. సీటు ఇచ్చే ప్రభుత్వం ఈ పిల్లవాణ్ణి స్థానికుడిగా లెక్కవేస్తుందా, పరాయివాడిగా లెక్కవేస్తుందా? దీనికి జవాబు ప్రవేశ నిబంధనలలోనూ ప్రభుత్వ ఉత్తర్వులలోనూ ఉంటుంది. వాటిని స్వయంగా చదవడం, అర్థం కానిదాన్ని కార్యాలయానికి వెళ్లి అడగడం, జవాబు రాకపోతే రాతపూర్వకంగా నిలదీయడం పౌరవిద్యలో అసలైన భాగం. పౌరశాస్త్రాన్ని మార్కుల కోసం బట్టీపట్టి వదిలేయడం మనకు అలవాటు. వృత్తి ఎంపిక వేళ మాత్రం అది అక్షరాలా పనికివచ్చే విద్య. ఎనిమిది నుంచి పన్నెండో తరగతి దాకా చదివే పిల్లలున్న తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకుని, ఆ పనిని పిల్లలచేత ఎలా చేయించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఏ రాష్ట్రానికి స్థానికులు?

కర్ణాటకలో వృత్తివిద్యా కోర్సుల ప్రవేశాలను కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ (కేఈఏ) నిర్వహిస్తుంది. సీఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా ప్రభుత్వ కోటా సీటు పొందడానికి ఎక్కువమందికి వర్తించే ప్రధాన నిబంధన ప్రకారం, ఒకటి నుంచి పన్నెండో తరగతి లోపల కనీసం 7 సంవత్సరాలు కర్ణాటకలో చదివి ఉండాలి; పదో తరగతి గాని రెండో సంవత్సరం పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడు) గాని ఈ రాష్ట్రంలోనే ఉత్తీర్ణులై ఉండాలి. తల్లిదండ్రులు ఇక్కడ చదువుకున్న సందర్భాలకు, రక్షణ శాఖ ఉద్యోగుల పిల్లల వంటివారికి వేరే నిబంధనలు ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ లెక్క మరోవిధంగా ఉంటుంది. 1973లో 32వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 371డి అధికరణం, దానికింద వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, అర్హత పరీక్షతో ముగిసే చివరి 4 సంవత్సరాలు వరుసగా ఎక్కడ చదివారన్నది స్థానికతకు ఆధారం. ఇంటర్మీడియెట్ అర్హతగా ఉన్న కోర్సులకు తొమ్మిదో తరగతి నుంచి లెక్క మొదలవుతుందన్నమాట. రాష్ట్ర విభజనకు పదేళ్లు నిండిన 2024 తరువాత ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు తమ తమ ప్రవేశాలకు విడివిడిగా ఉత్తర్వులు ఇచ్చుకుంటున్నాయి కనుక, మూలసూత్రం తెలిసినంతమాత్రాన చాలదు. దరఖాస్తు చేసే ఏటి ఉత్తర్వును తప్పక చదవాలి.

ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే కొన్ని కుటుంబాలకు గుండె జారుతుంది. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా అనంతపురంలో చదివి, ఎనిమిదో తరగతిలో బెంగళూరుకు వచ్చి, పీయూసీ ఇక్కడే పూర్తిచేసిన విద్యార్థిని తీసుకోండి. కర్ణాటకలో ఆ అమ్మాయి చదువు 5 సంవత్సరాలే కాబట్టి ఇక్కడి ప్రధాన నిబంధనకు సరిపోదు. చివరి నాలుగేళ్లూ ఆంధ్రప్రదేశ్‌లో లేదు కాబట్టి అక్కడా స్థానికురాలు కాదు. తల్లి గాని తండ్రి గాని ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే స్థానికులకు ప్రత్యేకించని అక్కడి 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లకు పోటీపడే దారి ఒకటి మిగులుతుంది. అదే అమ్మాయి ఆరో తరగతిలోనే వచ్చి ఉంటే ఇక్కడ ఏడేళ్లు నిండేవి. పదో తరగతి దాకా బెంగళూరులోనే చదివి, ఇంటర్ కోసం విజయవాడ రెసిడెన్షియల్ కాలేజీకి వెళ్లిన అబ్బాయి సంగతి వేరు: పదో తరగతి ఇక్కడ ఉత్తీర్ణుడు గనుక కర్ణాటకలో అర్హత నిలుస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం రెండేళ్ల చదువే లెక్కకు వస్తుంది. తొమ్మిదో తరగతిలోనే అక్కడికి పంపితే ఈ లెక్క తలకిందులవుతుంది. బదిలీ మీద వచ్చే ఉద్యోగస్థులూ, భవన నిర్మాణ పనులకు రాయలసీమ నుంచి వచ్చే కుటుంబాలూ ఊరు మారే ఏడాదిని ఎంచుకునే వీలున్నప్పుడు ఈ లెక్కను ముందే వేసుకోవాలి.

కాబట్టి మొదటి పని ఇది. ఒక కాగితం మీద ఒకటో తరగతి నుంచి ఏ ఏడు, ఏ తరగతి, ఏ ఊరు, ఏ బడి, ఏ బోర్డు అన్నది పిల్లలచేతే రాయించండి. దాని పక్కన రెండు రాష్ట్రాల నిబంధనలనూ వాళ్లచేతే చదివించండి. ఇంట్లో పెద్దవాళ్లు చదివి చెప్పేస్తే పని త్వరగా ముగుస్తుంది గాని, ఉత్తర్వు భాషలో ‘గాని’, ‘మరియు’ అన్న మాటలు ఎంత తేడా తెస్తాయో పిల్లలకు తెలియకుండా పోతుంది.

కాగితాల సంగతి

బడి మారిన ప్రతిసారీ స్టడీ సర్టిఫికెట్ అప్పుడే తీసుకోండి. మూతపడిన బడినుంచి పదేళ్ల తరువాత దాన్ని రాబట్టడం ఎంత కష్టమో పడినవాళ్లను అడిగితే చెబుతారు. కర్ణాటక బడులలో ప్రతి విద్యార్థికి శాట్స్ అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది, దాన్ని రాసి పెట్టుకోండి. అవసరమైన చోట సర్టిఫికెట్ మీద బీఈఓ (బ్లాకు విద్యాధికారి) సంతకం చేయించుకోవాలి.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరుతో. మనం ఇంటిపేరును ముందు రాస్తాం, ఇక్కడి బడులు చాలావరకు పేరు తరువాత పొడి అక్షరాలను పెడతాయి, ఆధార్‌లో మరో రకంగా పడుతుంది. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపేముందే ఈ మూడింటినీ ఒకటి చేయించండి. ఆ తరువాత మార్కుల జాబితాలో మార్పు పెద్ద ప్రయాస.

కుల ధ్రువపత్రం విషయంలో అపోహలు ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపు పొంది, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో చదివిన మర్రి చంద్రశేఖరరావు అక్కడి మెడికల్ కాలేజీలో రిజర్వేషన్ కోరినప్పుడు, ఒక రాష్ట్రపు గుర్తింపు మరొక రాష్ట్రంలో ఆ ప్రయోజనాన్ని ఇవ్వదని సుప్రీంకోర్టు 1990లో తీర్పు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కేంద్రప్రభుత్వ సంస్థలలో మాత్రం సొంత రాష్ట్రపు గుర్తింపు ఆధారంగా అవకాశం ఉంటుంది. వెనుకబడిన తరగతుల జాబితా కర్ణాటకలో ప్రవర్గ (అంటే వర్గం) 1, 2ఎ, 2బి, 3ఎ, 3బి అని వేరుగా ఉంటుంది. మన ఊళ్లో బీసీ అయినంతమాత్రాన ఇక్కడ అదే వర్గం దొరుకుతుందనుకోకండి. నాడకచేరిలో, అంటే తహసీల్దారు కిందిస్థాయి కార్యాలయంలో, పరీక్షలకు ఒక సంవత్సరం ముందే విచారించడం మంచిది.

ఐటీ భవనాల అవతల

ఈ నగరంలో మనవాళ్లకు కళ్లముందు కనిపించేది ఐటీ ఉద్యోగమే కాబట్టి తక్కిన దారులు కనపడవు. రాజాజీనగర్‌లో ఉన్న ప్రభుత్వ టూల్ రూమ్ శిక్షణ కేంద్రం, జనం జీటీటీసీ అని పిలిచేది, 1972లో డెన్మార్క్ ప్రభుత్వ సహకారంతో మొదలైంది. పదో తరగతి తరువాత అక్కడ టూల్ అండ్ డై తయారీలో డిప్లొమా చేయవచ్చు. డిప్లొమా చదివినవారికి డీసీఈటీ అనే ప్రవేశ పరీక్ష ద్వారా ఇంజినీరింగ్ రెండో సంవత్సరంలో నేరుగా చేరే వీలుంది. చేతిపని మీద మక్కువ ఉన్న పిల్లలకు ఇది తక్కువ రకం దారి కానే కాదని నా అభిప్రాయం. మూడు నాలుగేళ్లు యంత్రం ముందు నిలబడినవాడికి ఇంజినీరింగ్ పాఠం వేరుగా అర్థమవుతుంది. నాగరభావిలోని నేషనల్ లా స్కూల్‌కు పీయూసీ తరువాత క్లాట్ అనే న్యాయవిద్యా ప్రవేశ పరీక్ష రాసి వెళ్లవచ్చునన్న సంగతి తెలియని తెలుగు ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఆసక్తి పరీక్షలంటూ డబ్బు కట్టించుకునే శిబిరాలకంటే, సెలవుల్లో పిల్లలను కొన్ని చోట్లకు పంపడం మేలు. కోర్టు విచారణలు సాధారణంగా బహిరంగంగానే జరుగుతాయి, వెనక బల్ల మీద నిశ్శబ్దంగా కూర్చుని వినవచ్చు. కర్ణాటక హైకోర్టు కొన్ని విచారణలను ప్రత్యక్ష ప్రసారం కూడా చేస్తుంది. కబ్బన్ పార్కులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ఒక పూట గడిపి, తమకు నచ్చిన వృత్తి గురించి రెండు పుటలు రాసుకురమ్మనండి. ఆ రాతలో జీతం గురించే ఉండి పని గురించి ఏమీ లేకపోతే, ఇంకా నిర్ణయానికి సమయం రాలేదని గ్రహించవచ్చు.

కాలేజీకి గుర్తింపు ఉన్నదా లేదా అన్నది దళారి మాటమీద నమ్మకూడదు. ఇంజినీరింగ్‌కు ఏఐసీటీఈ అనుమతి, విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయ అనుబంధం చూడాలి. నర్సింగ్‌కు రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, నర్సింగ్ కౌన్సిళ్ల జాబితాలు చూడాలి. యూజీసీ నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను ప్రకటిస్తుంది. కట్టే ప్రతి రూపాయికీ రసీదు అడగండి. అసలు ధ్రువపత్రాలను కాలేజీలు తమవద్ద బిగబట్టుకోకూడదని యూజీసీ 2018లో స్పష్టం చేసింది.

రసీదు అడగడం చాదస్తం కాదని పిల్లలకు చెప్పడానికి ఒక కేసు ఉపయోగపడుతుంది. 1989లో కర్ణాటక ప్రభుత్వం ప్రైవేటు మెడికల్ కాలేజీల వార్షిక ఫీజును ప్రభుత్వ సీటుకు 2,000, కర్ణాటక విద్యార్థికి 25,000, బయటి రాష్ట్రాల విద్యార్థికి 60,000 రూపాయలుగా నిర్ణయించింది. తుమకూరులోని ఒక కాలేజీలో చేరడానికి మీరట్ నుంచి వచ్చిన మోహినీ జైన్ ఆ ఫీజు కట్టలేక సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1992 తీర్పులో, చదువు పౌరులకు హక్కు అనీ, అలాంటి ఫీజు సీటుకోసం అదనంగా గుంజే క్యాపిటేషన్ ఫీజే అనీ కోర్టు చెప్పింది. మరుసటి ఏడు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ కేసులో ఆ హక్కును 14 ఏళ్ల లోపు ఉచిత విద్యకు పరిమితం చేశారు. దానినుంచే 2002లో 86వ సవరణ, 21ఎ అధికరణం, ఆపై 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం వచ్చాయి. ఈ కథలో ‘స్థానికుడు ఎవరు’ అన్న ప్రశ్న మళ్లీ ఎదురవుతుందని పిల్లలు తామే పట్టుకుంటారు.

రెండు భాషల రాత

కర్ణాటక పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఉద్యోగాలకు కన్నడ వచ్చి ఉండాలి. బడిలో కన్నడ చదవనివారు తప్పనిసరి కన్నడ పరీక్షలో నెగ్గాలి. బ్యాంకులలో క్లర్కు స్థాయి ఉద్యోగాలకు ఆ రాష్ట్ర అధికార భాష చదవడం, రాయడం రావాలి. కన్నడ బాగా రాయగలిగి, తెలుగు కూడా చదవను రాయను వచ్చిన పిల్లవాడికి మూడు రాష్ట్రాలలో ఇటువంటి ఉద్యోగాల తలుపులు తెరిచి ఉంటాయి. బెంగళూరు పిల్లలు తెలుగు గడగడ మాట్లాడుతూనే ‘క్ష’ దగ్గర తడబడటం మామూలే. సివిల్ సర్వీసుల మెయిన్స్‌ను తెలుగులో రాయవచ్చు, తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికాంశంగా తీసుకోవచ్చు. ఆదివారం ఒక గంట తెలుగు రాయించడానికి ఇంతకుమించి కారణం వెతకనక్కరలేదు.

పదిహేడేళ్లు నిండాక

ఓటు వయస్సును 21 నుంచి 18కి తగ్గించిన 61వ రాజ్యాంగ సవరణను చాలామంది పిల్లలు పరీక్షకోసం చదివే ఉంటారు. 2022 నుంచి జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 అని నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి. 17 ఏళ్లు నిండినవారు ఓటరు జాబితాలో పేరు నమోదుకు ముందుగానే ఫారం 6 ఇవ్వవచ్చు. ఇల్లు మారితే ఫారం 8 ఇవ్వాలి. ఊళ్లో ఒక పేరు, ఇక్కడ ఒక పేరు ఉంచుకోవడం చట్టవిరుద్ధం. ఎక్కడ ఉంచుకోవాలన్నది కుటుంబంగా కూర్చుని తేల్చుకోండి. హాస్టల్లో ఉన్న విద్యార్థి సొంతూరిలో గాని, చదివే చోట గాని నమోదు చేసుకోవచ్చు. సందేహాలకు 1950 నంబరుకు ఫోన్ చేయవచ్చు. నా మటుకు, ఏళ్ల తరబడి ఇక్కడి నీళ్లు తాగుతూ, ఇక్కడి రోడ్ల మీద తిట్టుకుంటూ తిరిగేవాళ్లు ఇక్కడే ఓటు పెట్టుకోవడం సబబు. 2020 సెప్టెంబరులో మహానగరపాలిక సభ్యుల కాలం ముగిశాక ఎన్నికైన పాలకవర్గం లేకుండానే ఏళ్లు గడిచాయి. 2025 సెప్టెంబరులో నగరాన్ని ఐదు నగరపాలికలుగా విభజించారు. మీ ఇల్లు ఏ నగరపాలిక కిందికి, ఏ వార్డు కిందికి వచ్చిందో కనుక్కునే పని పీయూసీ విద్యార్థికి అప్పగించండి.

చివరగా సమాచార హక్కు దరఖాస్తు. 2005 చట్టం కింద కర్ణాటకలో రుసుము 10 రూపాయలు. ఇక్కడి నియమాల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 పదాలకు మించకుండా అడగాలి. ఆ హద్దు మీద విమర్శలు ఉన్నా, పిల్లలకు రాయడం నేర్పడానికి అది బాగా ఉపయోగపడుతుంది. వృత్తి ఎంపికకు సంబంధించిన ప్రశ్ననే అడిగించండి: ఫలానా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో గత మూడేళ్లలో ఒక కోర్సుకు మంజూరైన సీట్లెన్ని, నిండినవెన్ని, అధ్యాపకుల పోస్టులలో ఖాళీలెన్ని? ‘ఎందుకు’ అని అడిగితే జవాబు రాదు, రికార్డులో ఉన్నదాన్నే అడగాలి. పోస్టల్ ఆర్డరు జతచేసి, స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోవాలి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు అసంపూర్ణంగా ఉన్నా, ఆ తరువాతి 30 రోజులలో అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. అక్కడా తేలకపోతే 90 రోజులలో కర్ణాటక సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయవచ్చు. పరీక్షల కాలంలో ఈ గడువులు దాటిపోకుండా, దరఖాస్తును జూన్‌లో కొత్త తరగతి మొదలైన వారాలలోనే వేయించండి.