మిషన్‌లో మొదటి వారాలు: మనవైపు నుంచి వెళ్లే తమ్ముళ్లకి

మొన్న ఆదివారం విశాఖలో సభ అయ్యాక రైల్లో తిరిగొస్తుంటే ఒక తమ్ముడు పక్కన కూర్చుని, "అన్నా, నాకు మిషన్ కాల్ వచ్చింది" అన్నాడు. మొహం వెలిగిపోతోంది గానీ ఫోన్ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. విజయనగరంలో దిగేదాకా అడుగుతూనే ఉన్నాడు. తీరా ఇంటికొచ్చాక అసలు చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. మన విజయనగరం, శ్రీకాకుళం నుంచి ఇంకెవరు బయల్దేరినా పనికొస్తుంది.

మా సంగతి ఎరగని వాళ్లకి ముందు ఒక్క మాట. జనం మోర్మన్లు అంటారు. మా సంఘం పూర్తి పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. ఆ పూర్తి పేరే వాడమని 2018లో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ గట్టిగా చెప్పారు. అబ్బాయిలు 18 నిండాక రెండేళ్లు, అమ్మాయిలు ఏడాదిన్నర ఇల్లు వదిలి, సువార్త చెబుతూ సేవ చేస్తారు. దాన్నే మిషన్ అంటాం, దానికి సంఘం నుంచి వచ్చే పిలుపే మిషన్ కాల్. జీతం ఉండదు, ఎక్కడికి పంపితే అక్కడికే. నన్ను శిక్షణ అయ్యాక హైదరాబాదులో వేశారు.

తమ్ముడూ, మిషన్‌ని ఇంట్లోనే నెల ముందు మొదలుపెట్టు. అక్కడ మామూలుగా పొద్దున్న 6.30కి లేవాలి, రాత్రి 10.30కి పడుకోవాలి. ఊరిని బట్టి మిషన్ ప్రెసిడెంటు, అంటే అక్కడి మిషనరీలని చూసుకునే పెద్ద, కొంచెం అటూ ఇటూ మారుస్తారు. లేచాక వ్యాయామం, తర్వాత సొంతంగా లేఖనాల చదువు, ఆపైన కంపానియన్‌తో, అంటే నీకు జోడీగా వేసిన మిషనరీతో, కలిసి చదువు. అర్ధరాత్రి దాకా ఫోన్ చూసే అలవాటుతో వెళ్లావంటే మొదటి పది రోజులూ లేఖనాలు తెరిచి కునికిపాట్లే. పప్పు, చారు, కోడిగుడ్డు కూర, ఈ మూడూ అమ్మ దగ్గర నేర్చుకో. చూస్తే రాదు, అమ్మని పక్కన నిలబెట్టి నువ్వే చెయ్యి.

తెల్లచొక్కా ఉతకడం కూడా నేర్చుకోవాలి. కాలర్ లోపలివైపు చెమటతో గోధుమరంగు గీత పడుతుంది. నానబెట్టేముందే ఆ గీతని తడిపి, సబ్బు రాసి, పాత టూత్‌బ్రష్‌తో ఒకే వైపుకి రుద్దాలి. అటూ ఇటూ రుద్దితే నాలుగు నెలలకే అంచు పీచులేస్తుంది. చివరి నీళ్లలో ఉజాలా రెండు చుక్కలు, ముందు మగ్గులో కలిపి తర్వాత బకెట్‌లో పొయ్యి. నేను సరాసరి బకెట్‌లో వేసేసి నీలం మచ్చల చొక్కాతో ఒక ఆదివారమంతా గడిపాను.

ఇక టీ. మన సంఘంలో టీ, కాఫీ, మందు, పొగాకు ముట్టకూడదు. మందు తాగనంటే అందరూ మెచ్చుకుంటారు. టీ వద్దంటే మాత్రం నొచ్చుకుంటారు. మనవైపు గడప తొక్కిన మనిషికి ముందు ఇచ్చేది టీయే కదా, దాన్ని కాదంటే ఆ ఇంటినే కాదన్నట్టు. అందుకని బయల్దేరేముందే బంధువుల ఇళ్లలో అలవాటు చేసుకో. గజపతినగరంలో మా పెదనాన్న అరకు కాఫీ తెప్పించి మరీ పెట్టారు. "వద్దు" అని ఊరుకున్నాను. పెద్దమ్మ ఆ పూటంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. రెండోసారి వెళ్లినప్పుడు కూర్చోకముందే, "పెద్దమ్మా, మజ్జిగుంటే ఓ గ్లాసు ఇయ్యి, దాహంగా ఉంది" అన్నాను. కొత్తిమీర, ఉప్పు వేసి చెంబుడు తెచ్చింది. కిటుకంతా అదే: వాళ్లు టీ పొయ్యి మీద పెట్టకముందే నువ్వు నోరు తెరిచి ఇంకేదైనా అడుగు. మంచినీళ్లయినా సరే, అడిగి తాగు.

మొదటి 12 వారాలు నీకు ట్రైనర్ ఉంటాడు, అతనే నీ కంపానియన్. స్నానానికి తప్ప ఎక్కడికీ ఒక్కడివే వెళ్లకూడదు. పాఠాలు, ప్రార్థనలు, బోధించడం, ఇవన్నీ కష్టమనుకుని వెళ్లాను. అవి వాటంతట అవే వచ్చాయి. నన్ను నిజంగా కుదిపేసింది మాత్రం ఇంకో మనిషితో రోజంతా బతకడం. మా ట్రైనర్‌ది కోయంబత్తూరు. ఆయనకి తెలుగు అంతంతమాత్రం, నాకు తమిళం సున్నా, ఇద్దరిదీ ముక్కల ఇంగ్లీషు. తిన్న కంచం నేను సింకులో వదిలేసేవాణ్ణి, ఆయన ఏమీ అనకుండా కడిగేసేవాడు. ఆ మౌనాన్ని నేను పొగరనుకున్నాను. మూడు వారాలు మనసులో పెట్టుకుని తిరిగాను.

వారానికోసారి ప్లానింగ్ అయ్యాక కంపానియన్లు ఇద్దరూ కూర్చుని, ఒకరికొకరు ఎలా ఉన్నాం, ఏది మార్చుకోవాలి అని మాట్లాడుకోవాలి. దాన్ని కంపానియన్‌షిప్ ఇన్వెంటరీ అంటారు. మేం "అంతా బానే ఉంది" అని రెండు నిమిషాల్లో ముగించేవాళ్లం. నాలుగో వారం ఆయనే అడిగాడు: "నేను ఏం మారాలి?" నాకు ఏడుపొచ్చింది. మీరు నాతో మాట్లాడరు అన్నాను. ఆయన నెమ్మదిగా, తప్పు ఇంగ్లీషు మాట్లాడితే నువ్వు నవ్వుతావేమోనని భయం అన్నాడు. కంచం సంగతి నేను అడిగితేనే చెప్పాడు. ఆ రాత్రి గిన్నెలన్నీ నేనే తోమాను. నువ్వు నాలుగో వారం దాకా ఆగకు. మొదటి వారమే, "నా వల్ల మీకు ఇబ్బందేంటి?" అని ముందు నువ్వే అడుగు. జవాబు వినేటప్పుడు మధ్యలో సంజాయిషీ చెప్పుకోకు.

మన యాస గురించి భయపడుతున్నావని తెలుసు. "ఏటి", "ఎలగ" అన్నప్పుడల్లా హైదరాబాదు కుర్రాళ్లు నవ్వారు. వారం రోజులు పుస్తకాల తెలుగు మాట్లాడి చూశాను, ప్రార్థన కూడా అప్పజెప్పినట్టు వచ్చింది. ఒక సాయంత్రం కూకట్‌పల్లిలో సంఘ సభ్యులొకరు పిలిస్తే వెళ్లాం. పక్కింటామె తలుపు దగ్గర నిలబడి వింటోంది. నేను మర్చిపోయి "ఏటమ్మా, కూకోండి" అనేశాను. "ఏ ఊరు బాబూ మీది?" అంది. విజయనగరం అన్నాను. "మాది ఆమదాలవలస!" అని లోపలికొచ్చి, మేస్త్రీ పనికి వచ్చి ఆరేళ్లయిందని, ఊళ్లో అత్తగారికి బాగోలేదని గంటసేపు చెప్పుకుంది. మేం పాఠం చెప్పలేదు. ఆమె అత్తగారి కోసం ప్రార్థన చేసి వచ్చాం. యాస దాచుకోకు.

మేం ఊరికే తలుపులు తట్టుకుంటూ తిరగలేదు, పిలిచిన ఇళ్లకే వెళ్లాం. 18 నిండని పిల్లలు వినాలనుంటే ముందు అమ్మానాన్నలతో మాట్లాడాలి. ఇందులో తొందరపడకు, ఒక్కసారి కూడా.

బెంగ గురించి. వారానికొక రోజు పీ-డే (ప్రిపరేషన్ డే), బట్టలకీ సరుకులకీ ఉంటుంది, మాకు సోమవారం. ఒకప్పుడు ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే, 2019 నుంచి వారం వారం మాట్లాడొచ్చు. నా రెండో సోమవారం మా విజయనగరం పైడితల్లమ్మ పండగలో తొలేళ్లు పడింది. మర్నాడు సిరిమానోత్సవం. మేం క్రైస్తవులమే అయినా ఆ రెండు రోజులూ మా ఇల్లు చుట్టాలతో నిండిపోతుంది. ఊళ్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర అడుగు పెట్టే చోటుండదు. ఫోన్లో వెనక పిన్ని గొంతు, పిల్లల గోల వినపడుతున్నాయి. "ఎలగున్నావురా? బెంగెట్టుకున్నావేటి?" అంది అమ్మ. లేదన్నాను. పెట్టేశాక బాత్‌రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

తర్వాతి సోమవారం నిజం చెప్పాను. అమ్మ కంగారు పడలేదు. "నాకూ అలగే ఉందిరా, నీ కంచం తీసి దాచీసేను" అంది. అప్పట్నుంచి అబద్ధమాడలేదు. నువ్వు వెళ్లేముందే అమ్మతో ఒప్పందం చేసుకో: బెంగ ఉంటే ఉందని ఇద్దరూ చెప్పుకోవాలని. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, వారమంతా ఆమెకి చెప్పాలనుకున్నవి అందులో రాసుకో. ఎవరు మజ్జిగ ఇచ్చారు, చారులో ఉప్పెంత పడింది, కంపానియన్ ఇవాళ ఏ తెలుగు మాట నేర్చుకున్నాడు. సోమవారం ఆ పుస్తకం తెరిచిపెట్టుకుని ఫోన్ చెయ్యి.