ఇన్ని కన్సోళ్లలో మీకు కావాల్సింది ఏది? తేల్చుకునే వరస

కొత్తగా కన్సోల్ కొనేవారి ముందు ఇప్పుడు తక్కువలో తక్కువ ఎనిమిది దారులున్నాయి. డిస్క్ ఉన్న పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5), డిస్క్ లేని పీఎస్5, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్, నింటెండో స్విచ్, స్విచ్ 2, చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్, రాగ్ ఎలై. తికమక పడటం సహజమే. కానీ మెషీన్లు ఎక్కువ కావడం కన్నా, అందరూ మెషీన్ దగ్గరే మొదలుపెట్టడం వల్ల ఆ తికమక పెరుగుతోంది. టెరాఫ్లాప్‌లు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వేగం పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చుంటే ఎంతకీ తెగదు. ముందు ఎవరితో ఆడతారో చూడండి, తర్వాత ఏ ఆటలో, ఆ తర్వాత డిస్కా డిజిటలా (డౌన్‌లోడ్) అన్నది. మెషీన్ సంగతి చివర్లో. ఈ వరసలో వెళ్తే సగం దారిలోనే ఒకటో రెండో మిగులుతాయి.

కన్సోళ్లు నిజంగానే జనాన్ని ముంచెత్తిన కాలం ఒకటుంది. 1982లో అమెరికా షాపుల్లో అటారీ 2600, అటారీ 5200, ఇంటెలివిజన్, కొలెకోవిజన్, ఒడిస్సీ 2, వెక్ట్రెక్స్ ఒకేసారి అమ్మకానికి ఉన్నాయి. ఒకదాని కార్ట్రిజ్ (ఆట ఉండే డబ్బీ) ఇంకోదానిలో పనిచేయదు. 2600 కోసం కొన్న ఆటలు అదే అటారీ వాళ్ల 5200లో కూడా నడవలేదు, అందుకు కావాల్సిన అడాప్టర్ 1983లో గానీ రాలేదు. పోటీ కంపెనీ కొలెకో మాత్రం 2600 ఆటలు నడిపే అడాప్టర్‌ను అంతకుముందే అమ్మింది! పైగా ఎవరు పడితే వాళ్లు నాసిరకం ఆటలు చేసి షాపులు నింపేశారు. 1983లో ఆ మార్కెట్ కుప్పకూలింది. తర్వాత 1985లో నింటెండో అక్కడ ఎన్ఈఎస్ తెచ్చినప్పుడు, అనుమతి లేని కార్ట్రిజ్‌లు నడవకుండా తాళం చిప్ పెట్టింది, ఒక్కో కంపెనీ ఏడాదికి ఐదు ఆటలే ఇవ్వాలని పరిమితి కూడా పెట్టింది. అప్పట్లో కొనేవాళ్లను దెబ్బతీసింది పెట్టెల లెక్క ఒక్కటే కాదు. కొన్న ఆట దేంట్లో నడుస్తుందో, బాగుంటుందో లేదో చెప్పేవాళ్లు లేకపోవడం. ఇప్పుడు ఆ రెండూ ముందే తెలుసుకోవచ్చు.

ముందు మనుషులు

ఒక కాగితం మీద మీరు నిజంగా కలిసి ఆడే ఐదుగురి పేర్లు రాయండి. పక్కనే వాళ్ల దగ్గరున్న మెషీన్, ఆడే ఆట రాయండి. తర్వాత ఆ ఆటకు క్రాస్‌ప్లే (వేర్వేరు మెషీన్ల వాళ్లు కలిసి ఆడే వీలు) ఉందో లేదో చూడాలి. ఫోర్ట్‌నైట్, రాకెట్ లీగ్, మైన్‌క్రాఫ్ట్, ఈఏ ఎఫ్‌సీ అయితే పీఎస్5లో ఉన్నవాళ్లు ఎక్స్‌బాక్స్‌లో ఉన్నవాళ్లతో ఆడుకోవచ్చు. జీటీఏ ఆన్‌లైన్‌లో అది కుదరదు. బ్యాచ్ అంతా పీఎస్5లో జీటీఏ ఆడుతుంటే మీరు సిరీస్ ఎక్స్ కొని లాభం లేదు, అది ఎంత శక్తిమంతమైనదైనా సరే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఇంకొకటి ఉంది. కలిసి ఆడగలగడం వేరు, ఆటలో సంపాదించుకున్నది వెంట రావడం వేరు. ఫోర్ట్‌నైట్‌లో స్కిన్లు (పాత్రల వేషాలు) ఆ ఆట కంపెనీ ఎపిక్ అకౌంట్‌తో పాటు వస్తాయి. ఫుట్‌బాల్ ఆట ఈఏ ఎఫ్‌సీలో పీఎస్‌లో కట్టుకున్న అల్టిమేట్ టీమ్ (ఆటగాళ్లను కూర్చుకున్న సొంత జట్టు) ఎక్స్‌బాక్స్‌కు రాదు. డబ్బు పెట్టి టీమ్ కట్టుకున్నవాళ్లు మెషీన్ మారేముందు ఇది గట్టిగా ఆలోచించాలి.

కజిన్స్ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే దూరం కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికా సర్వర్‌కు పింగ్ (సిగ్నల్ వెళ్లి తిరిగొచ్చే టైమ్) 200 మిల్లీసెకన్లు దాటుతుంది. మైన్‌క్రాఫ్ట్‌లో ఇల్లు కట్టుకోవడానికి అది అడ్డం కాదు గానీ, షూటింగ్ ఆటల్లో అవతలివాడు మీకు కనిపించేలోపే మీరు చచ్చిపోతారు. ఏ కన్సోల్ కొన్నా అది మారదు.

తర్వాత ఆటలు

రాబోయే రెండేళ్లలో ఆడాలనుకునే పది ఆటలు రాసి, ఒకే కంపెనీ మెషీన్‌లో దొరికేవాటికి టిక్ పెట్టండి. మూడు టిక్కులు ఒకే మెషీన్‌కు పడితే అది కొనండి. ఒక్కటే పడితే, ఆ ఒక్క ఆట కోసం కన్సోల్ కొనకండి.

పదేళ్ల క్రితంతో పోలిస్తే ఈ టిక్కులు బాగా తగ్గాయి. సోనీ ఆట గాడ్ ఆఫ్ వార్ 2022లో పీసీకి వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఆట ఫోర్జా హొరైజన్ 5 2025 ఏప్రిల్‌లో పీఎస్5కి, సోనీ వాళ్ల హెల్‌డైవర్స్ 2 అదే ఏడాది ఆగస్టులో ఎక్స్‌బాక్స్‌కి వచ్చాయి. గోడ చెక్కుచెదరనిది నింటెండోకే. మారియో, జెల్డా, పోకెమాన్ ప్రధాన ఆటలు కావాలంటే స్విచ్ తప్ప దారి లేదు. 2025లో స్విచ్ 2 విడుదలైనప్పుడు ఇండియాలో అధికారిక విడుదల లేదు. ఇక్కడి షాపుల్లో అమ్మింది బయటి నుంచి తెప్పించిన సరుకు. వారంటీ ఎవరిస్తారో, ఎన్ని నెలలో బిల్లు మీద రాయించుకోండి.

డిస్కా, డిజిటలా

మన దగ్గర ఆటల ఖర్చును అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది ఇదే. డిస్క్ కొంటే ఆడేశాక అమ్ముకోవచ్చు, మార్చుకోవచ్చు, ఫ్రెండ్‌కి ఇవ్వొచ్చు. సిరీస్ ఎస్‌లో, డిజిటల్ పీఎస్5లో డిస్క్ పట్టదు. ఇంట్లో పీఎస్4 డిస్కులు ఉంటే డిస్క్ ఉన్న పీఎస్5 కొనండి, దాదాపు అన్నీ నడుస్తాయి. పీఎస్5 స్లిమ్ డిజిటల్‌కు తర్వాత డ్రైవ్ విడిగా తగిలించుకోవచ్చు, మొదటిసారి ఇంటర్నెట్ ద్వారా నమోదు చేయాలి. స్విచ్ 2 ఆటల్లో 'గేమ్ కీ కార్డ్' అని డబ్బా మీద ఉంటే, కార్డులో ఆట ఉండదు, మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆ కార్డు పెట్టకపోతే ఆట తెరుచుకోదు.

పీఎస్ అకౌంట్ తెరిచేటప్పుడు దేశం జాగ్రత్తగా ఎంచుకోండి, తర్వాత మార్చడం కుదరదు. అమెరికా నుంచి తెచ్చిన పీఎస్5లో ఇండియా డిస్కులు నడుస్తాయి. కానీ డీఎల్‌సీ (ఆటకు అదనంగా కొనే భాగాలు) మాత్రం డిస్క్ ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు స్టోర్ నుంచే కొనాలి. అమెరికా అకౌంట్‌తో కొన్న డీఎల్‌సీ ఇక్కడి డిస్క్‌కు పట్టక డబ్బులు పోయేది ఇందువల్లే. ఇకపై డిస్కులు ఎక్కడ కొంటారో ఆ దేశం అకౌంటే తెరవండి.

ధర చూసేటప్పుడు పెట్టె మీద రేటు ఒక్కటే చూడొద్దు. కన్సోల్, రెండో కంట్రోలర్, మూడేళ్ల ఆన్‌లైన్ చందా, ఏడాదికి కొనే ఆటల ఖర్చుకు మూడింతలు, స్టోరేజీ అన్నీ కూడండి. చౌక మెషీన్ చాలాసార్లు ఇక్కడే ఖరీదైపోతుంది. ఉచిత ఆటలు ఆన్‌లైన్‌లో ఆడటానికి పీఎస్‌లో గానీ ఎక్స్‌బాక్స్‌లో గానీ చందా అక్కర్లేదు, కొన్న ఆటలకు కావాలి. రేటు తగ్గుతుందని ఏళ్ల తరబడి ఆగడం కూడా కలిసిరాదు. 2021 ఫిబ్రవరిలో ఇండియాలో ₹49,990కి వచ్చిన డిస్క్ పీఎస్5, 2022 చివర్లో ₹54,990 అయింది.

గది, కరెంటు, స్టోరేజీ

టీవీ 60 హెర్ట్జ్‌దైతే (సెకనుకు 60 బొమ్మలు చూపేదైతే) 120 ఫ్రేముల ఊసు వదిలేయండి. 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ ఉన్న ఇంటికి సిరీస్ ఎస్ బొమ్మ చాలు. 4కె 120 హెర్ట్జ్ టీవీ ఉంటే, హెచ్‌డీఎంఐ 2.1 పోర్టు ఏదో వెతికి, కన్సోల్‌తో వచ్చిన కేబుల్‌నే అందులో పెట్టండి. చాలా టీవీల్లో అన్ని పోర్టులూ అలాంటివి కావు. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి. కన్సోల్‌కు గోడకు మధ్య 10 సెంటీమీటర్లు వదలండి, తలుపున్న అల్మారాలో పెట్టొద్దు.

పెద్ద ఆట ఆడేటప్పుడు పీఎస్5 దాదాపు 200 వాట్లు లాగుతుంది. వైఫై రూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ చాలదు. 600 వీఏ కంప్యూటర్ యూపీఎస్ ఉంటే, కరెంటు పోయినా సేవ్ చేసుకుని ఆపేంత టైమ్ దొరుకుతుంది. కోతలు ఉండే ఊళ్లో రెస్ట్ మోడ్‌లో (సగం నిద్రలో) వదలకుండా పూర్తిగా షట్‌డౌన్ చేయండి. స్టోరేజీలోకి రాస్తుండగా కరెంటు పోతే సేవ్ ఫైళ్లు పాడవొచ్చు.

సిరీస్ ఎస్ 512 జీబీలో మనకు మిగిలేది దాదాపు 364 జీబీ. పాత పీఎస్5 825 జీబీలో 667. ఒక్కో పెద్ద ఆట 100 జీబీ దాటుతోంది. 100 ఎంబీపీఎస్ లైన్ మీద 100 జీబీ దిగడానికి రెండుంపావు గంటలు పడుతుంది. అంటే తీసేసి మళ్లీ దించుకోవడం పెద్ద కష్టం కాదు, ముందే స్టోరేజీ కొనేయొద్దు.

కావాల్సివస్తే పీఎస్5కి జెన్4 ఎం.2 ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, సెకనుకు 5,500 ఎంబీ వేగం, హీట్‌సింక్‌తో (వేడి లాగే రేకు) కలిపి 11.25 మిల్లీమీటర్ల లోపు ఎత్తు ఉన్నది తీసుకోండి. జెన్3 కార్డును కన్సోల్ ఒప్పుకోదు. హీట్‌సింక్ లేకపోతే కార్డు వేడెక్కి వేగం పడిపోతుంది. ప్లగ్ తీసి, పక్క మూత తీసి, లోపలి చిన్న మూత స్క్రూ విప్పండి. కార్డు పొడవుకు తగ్గ గాడిలోకి స్పేసర్ (చిన్న రింగు) జరపండి, కార్డును ఏటవాలుగా దూర్చి, కిందకు నొక్కి స్క్రూ బిగించండి. ఆన్ చేయగానే ఫార్మాట్ అడుగుతుంది. మామూలు యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లో పీఎస్5 ఆటలు దాచుకోవచ్చు గానీ నడవవు, పీఎస్4 ఆటలు నడుస్తాయి. ఎక్స్‌బాక్స్‌కు వేరే కార్డు ఉంటుంది. స్విచ్ 2లో ఆటలకు మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ మాత్రమే పనికొస్తుంది, పాత మైక్రోఎస్‌డీ కార్డు తెచ్చి పెడితే ఆటలు ఎక్కవు.

రెండు కన్సోళ్లు ఇప్పటికే ఉంటే

అన్నిటిలో దొరికే ఆటలన్నీ ఒకే మెషీన్‌లో కొనండి, రెండోదాన్ని దానికే పరిమితమైన ఆటలకు ఉంచండి. సేవ్‌లు, ట్రోఫీలు, చందా ఒకచోటే ఉంటాయి. రెండు చందాలూ ఏడాది పొడవునా కట్టకండి. ఆడే నెలకే తీసుకుని, ఆటో రెన్యూవల్ ఆపేయండి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటే డబ్బు ఇచ్చేముందు అమ్మేవాళ్ల ఎదుటే మీ అకౌంట్‌తో ఆన్‌లైన్‌లోకి వెళ్లి చూడండి. బ్యాన్ అయిన మెషీన్ అక్కడే బయటపడుతుంది. తర్వాత డిస్క్ ఒకటి పెట్టి చదువుతుందో చూసి, బరువైన ఆటను అరగంట ఆడించండి. ఫ్యాన్ మోత, తెర మీద చుక్కలు, ఉన్నట్టుండి ఆగిపోవడం కనిపిస్తే వదిలేయండి. హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మెల్లగా కదిపినప్పుడు బొమ్మ పోతే పోర్టు వదులైందని అర్థం. చివరగా కంట్రోలర్ స్టిక్కులు వదిలేసి ఒక నిమిషం ఆగండి. మెనూ దానంతటదే కదిలితే స్టిక్ అరిగిపోయింది, కొత్త కంట్రోలర్ ఖర్చును బేరంలో తగ్గించమనండి.